షట్టరు దించాలా, సరకు ఎత్తాలా, బండి ఆపాలా: బెజవాడ, గుంటూరు వ్యాపారులకు తుపాను ముందు ఎంపికలు

2024 ఆగస్టు 31, శనివారం రాత్రి. పాయకాపురంలోని మా గోడౌను గుమ్మానికి రెండు వరసల ఇసుక బస్తాలు పేర్పించి, షట్టరుకు రెండు వైపులా తాళాలు వేయించి, చేయవలసినదంతా చేశానన్న తృప్తితో ఇంటికి వెళ్లాను. మర్నాడు నీళ్లు షట్టరును తాకకముందే లోపలికి వచ్చాయి. వెనక మరుగుదొడ్డి గొట్టంలో నుంచి వచ్చాయి. గుమ్మం దగ్గర బస్తాలు చెక్కుచెదరలేదు. వాటి వెనక సబ్బుల పెట్టెలు, బిస్కెట్ల పెట్టెలు తేలుతున్నాయి.

నిజానికి ఆ రోజు వచ్చింది తుపాను కాదు, వాయుగుండం. దానికి పేరు కూడా లేదు. తీరం దాటింది శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం దగ్గర, మునిగింది బెజవాడ సింగ్‌నగర్. అంతకు తొమ్మిది నెలల ముందు, 2023 డిసెంబరు 5న, మిచాంగ్ అనే పేరున్న తీవ్ర తుపాను మన పక్కనే బాపట్ల దగ్గర తీరం దాటింది. దానికి హడలిపోయి దుకాణం మూసుకున్న నేనే, పేరులేని వాయుగుండాన్ని మామూలు వాన కింద లెక్కగట్టాను.

అందువల్ల ఈ పోలికను తుపాను పేరుతో మొదలుపెట్టడం లేదు. మీ దుకాణానికి శత్రువు గాలా, నీరా అన్న దగ్గర మొదలుపెడుతున్నాను. రెండింటికీ చేసే ఏర్పాట్లు చాలాచోట్ల ఒకదానికొకటి అడ్డం పడతాయి. గాలికి భయపడితే ఎత్తున ఉన్న సరకును కిందికి దించుతాం, నీటికి భయపడితే నేల మీది సరకును పైకి ఎత్తుతాం. గాలికి భయపడి బండిని చాటున పల్లంలో పెడతాం, నీటికి భయపడి దాన్నే ఎత్తైన ఖాళీ స్థలానికి తోలుతాం. ఏది ముందో తేల్చుకోకుండా రెండూ సగం సగం చేసినవారే ఎక్కువ నష్టపోయారు. అందులో నేనూ ఉన్నాను.

ముందుగా తేల్చుకోవలసినవి

వాతావరణ శాఖ లెక్కలో గంటకు 89 నుంచి 117 కిలోమీటర్ల గాలి ఉంటే తీవ్ర తుపాను. బెజవాడకు సముద్రం సుమారు 70 కిలోమీటర్ల దూరం. భూమి మీదికి వచ్చాక గాలి బలం తగ్గుతుంది, వాన మాత్రం అలా తగ్గదు. కాబట్టి పక్కా భవనంలో ఉన్న బెజవాడ వ్యాపారి మొదట నీటి గురించే ఆలోచించాలి. గుంటూరు, తెనాలి, బాపట్ల వైపు రేకుల షెడ్డులో సరకు ఉన్నవారికి గాలి కూడా అంతే ముఖ్యం.

నీరు అన్నాక, ఏ నీరు? ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. రోడ్డు మీద నిలిచే వాన నీరు కొన్ని గంటల్లో తీస్తుంది. గుంటూరు కంకరగుంట అండర్ బ్రిడ్జి ఇందుకు పాత ఉదాహరణ. కృష్ణ గంట కొట్టి వస్తుంది: ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. ఎగువ ప్రాజెక్టుల నుంచి నీరు వదిలిన వార్త కూడా ముందే తెలుస్తుంది. 2024 సెప్టెంబరు 2న బ్యారేజీ గుండా 11.43 లక్షల క్యూసెక్కులు వెళ్లినా కృష్ణలంక రక్షణ గోడ నిలబడింది. బుడమేరు వాగుకు ఇంత మర్యాద లేదు. మైలవరం వైపు కొండల్లో వాన పడితే, కట్టకు గండి పడితే, మన వీధిలో చినుకు లేని పూట కూడా ఇంట్లోకి వస్తుంది. వచ్చాక రోజుల తరబడి కదలదు. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, కండ్రిక వైపు వ్యాపారి బ్యారేజీ అంకెలు చూసి ధైర్యం తెచ్చుకుంటే ప్రయోజనం లేదు.

గోడ మీద 2024 నీటి గుర్తు చెరిగిపోయి ఉంటే పక్కింటివారిని అడిగైనా మళ్లీ గీయించుకోండి. ఇకపై ప్రతి లెక్కా ఆ గీత నుంచే.

తరవాతది గంటలు. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవన్న సామెత పుట్టిన రోజుల్లో వాతావరణ కేంద్రం లేదు. ఇప్పుడు తుపాను విషయంలో 72 గంటల ముందు తొలి సూచన, 48 గంటల ముందు పసుపు రంగు అప్రమత్తత, 24 గంటల ముందు నారింజ హెచ్చరిక, 12 గంటల ముందు ఎరుపు వస్తాయి. వాన విషయంలో రోజుకు 64.5 మిల్లీమీటర్లు దాటితే ‘భారీ’, 115.6 నుంచి ‘అతి భారీ’, 204.5 నుంచి ‘అత్యంత భారీ’. బులెటిన్‌లో తుపాను పేరు వెతక్కండి, ఈ మూడు మాటల్లో ఏది ఉందో వెతకండి. మన జిల్లాతో పాటు ఎన్టీఆర్ జిల్లా పడమటి మండలాలకు, ఖమ్మం జిల్లాకు ఏ మాట వాడారో కూడా చూడండి. అక్కడి నీరే మన వైపు వస్తుంది.

ఇక మిగిలినవి రెండు: మీ సరకు తడిస్తే పోయేదా, కడిగితే మిగిలేదా, పండగ పూట అర్ధరాత్రి ఫోను చేసినా వచ్చే మనుషులు ఎంతమంది.

సరకుకు మూడు దారులు

| దారి | ఎంత ముందు మొదలుపెట్టాలి | ఎక్కడ పనికొస్తుంది | ఎక్కడ చేతులెత్తేస్తుంది |
|---|---|---|---|
| గుమ్మం దగ్గర అడ్డుకట్ట | ఆరేడు గంటలు | మోకాలి లోపు నిలిచి, ఆ పూటకే తీసే వాన నీరు | రోజుల తరబడి ఉండే వరద. గొట్టాల గుండా వచ్చే నీరు |
| లోపలే ఎత్తులో పెట్టడం | ఒక రోజు | పాత గుర్తు నడుము లోపు ఉన్న చోట్లు | గుర్తు దాటి వచ్చే నీరు. వారం పాటు పట్టే తేమ |
| వేరే చోటికి తరలించడం | రెండు రోజులు | బుడమేరు పక్క గోడౌన్లు, సెల్లార్లు, ఖరీదైన సరకు | వాన మొదలయ్యాక బండీ దొరకదు, ముఠా కూలీలూ దొరకరు |

అడ్డుకట్ట చవక, కంటికి కనబడుతుంది, అందుకే అందరూ అదే చేస్తారు. చేసేటట్లయితే సరిగ్గా చేయాలి. బస్తాను మెడ దాకా నింపకూడదు. మూడింట రెండు వంతులు నింపితేనే కింది బస్తా మీద సర్దుకుని కూర్చుంటుంది. ఇటుకల్లాగా కీలు తప్పించి పేర్చి, కింద మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిచి దాన్ని బస్తాల మీదికి మడవాలి. ఇంత చేసినా వెనక దారి తెరిచే ఉంటుంది. మరుగుదొడ్డి, స్నానాల గది, నేలలోని నీరు పోయే జాలీ, ఈ మూడింటినీ మూయకపోతే గుమ్మానికి కట్టిన కట్ట అలంకారమే. నీటిని వెనక్కి రానివ్వని వాల్వును గొట్టానికి ప్లంబరు చేత పెట్టించవచ్చు. అప్పటికప్పుడైతే ఇసుక నింపిన ప్లాస్టిక్ సంచిని గొట్టం నోట్లో కుక్కి, పైన బరువు పెట్టడం మేలు.

ఎత్తులో పెట్టడం మీద నాకు నమ్మకం ఎక్కువ. దీనికి ముందుచూపు ఒకసారి ఉంటే చాలు, తుపాను తుపానుకూ కొత్తగా పరుగెత్తనక్కర్లేదు. ఇనుప ర్యాకుల మొదటి అరను పాత నీటి గుర్తుకు అడుగు పైన బిగించండి. ఆ కింది ఖాళీలో ఎప్పుడూ కడిగితే మిగిలేవే ఉంచండి: స్టీలు సామాను, ప్లాస్టిక్ బకెట్లు, సీసాలు. పిండి, పప్పు, కాగితం, బట్ట, మందులు పైకి. ర్యాకును గోడకు మేకులతో బిగించకపోతే నీటిలో కింది పెట్టెలు తేలి దాన్నే పడదోస్తాయి. మా పక్క గోడౌనులో జరిగింది అదే. నీరు తాకని సరకు కూడా నీటిలోకే వచ్చింది. ఇంకొకటి, ర్యాకు ఎత్తు పెంచితే చోటు తగ్గుతుంది. మామూలు రోజుల్లో మూడు వందల పెట్టెలు పట్టే గదిలో రెండు వందల యాభయ్యే పడతాయి. ఆ యాభై పెట్టెల చోటుకు ఏడాది పొడవునా కట్టే అద్దె, నీటికి ముందుగానే కట్టే సుంకం అనుకోవాలి.

తరలింపు ఖర్చుతో కూడినది. ఎత్తుడు కూలి, దించుడు కూలి, బండి అద్దె, అవతలి గోడౌను అద్దె, తుపాను దారి మళ్లితే ఇదంతా తిరుగు ప్రయాణానికి మళ్లీ. పదిసార్లు హెచ్చరిక వస్తే ఎనిమిదిసార్లు వృథా అనిపించవచ్చు. అందుకే మొత్తం సరకు తరలించే ఆలోచన వద్దు. ఏ అయిదో వంతు సరకులో సగం విలువ ఉందో ముందే జాబితా రాసి పెట్టుకుని, ‘అత్యంత భారీ’ అన్న మాట కనబడగానే అంతవరకే కదిలించండి. లెక్కల పుస్తకాలు, కంప్యూటర్, బీమా కాగితాలు ఆ జాబితాలో మొదటి వరసలో ఉండాలి. సెల్లారులో సరకు ఉన్నవారికి మాత్రం ఎంపిక లేదు, తరలించడం ఒక్కటే దారి. సెల్లారులోకి నీరు దూకడం మొదలయ్యాక పెట్టె కోసమో, స్కూటరు కోసమో మెట్లు దిగవద్దు. పనివాడిని అసలు పంపవద్దు. జనరేటరు సెల్లారులో ఉంటే దానికి పైన చోటు చూడండి, గదిలోపల మాత్రం కాదు. పొగలోని విషవాయువుకు వాసన ఉండదు.

కరెంటు మెయిన్ స్విచ్చి నేల పొడిగా ఉండగానే కట్టేయాలి. నీళ్లలో నిలబడి తప్ప అందని చోట స్విచ్చి ఉంటే దాన్ని ముట్టుకోకుండా కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోను చేయండి.

రేకుల షెడ్డు ఉన్నవారికి

రేకు గాలి పైనుంచి నొక్కితే ఊడదు, లోపలి నుంచి గాలి ఎత్తితే లేస్తుంది. షట్టరో తలుపో విరిగి లోపలికి గాలి దూరిన క్షణం నుంచి పైకప్పు మీద భారం రెట్టింపవుతుంది. కాబట్టి డబ్బు కొంతే ఉంటే పైకప్పు మీద ఇసుక బస్తాలు వేయడం కన్నా షట్టరు గట్టి చేయడం ముందు: మధ్యలో నిలువు ఇనుప కమ్మీ, రెండు వైపులా తాళాలు, అంచులు గాడిలో నుంచి బయటికి రాకుండా పట్టీలు. తరవాత రేకుల అంచు వరసల్లో కొక్కేల బోల్టులు తుప్పు పట్టాయేమో చూసి మార్పించండి, గాలి మొదట పట్టుకునేది మూలలనూ అంచులనూ. దుకాణం మీది ఫ్లెక్సీ బోర్డును నారింజ హెచ్చరిక నాడే దించండి. మీది దించినా పక్కవాడిది ఉంటుంది, అతనికీ చెప్పండి.

బండి, డ్రైవరు

అదే ఆగస్టు 31న గుంటూరు జిల్లా పెదకాకాని మండలం ఉప్పలపాడు దగ్గర, బడి నుంచి ఇంటికి వెళ్తున్న ఒక ఉపాధ్యాయుడు, ఇద్దరు పిల్లలు కారుతో సహా వాగులో కొట్టుకుపోయి చనిపోయారు. అడుగు లోతు నీరు చిన్న కారును తేల్చగలదు. రెండు అడుగుల ప్రవాహం చాలా బండ్లను తోసుకుపోతుంది. లోడు లారీ బరువుంటుంది కదా అని డ్రైవర్లు వాదిస్తారు. బరువు సంగతి సరే, నీటి కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో ఆ బరువుకు తెలియదు.

బండ్లు ఉన్నవారి ముందు నాలుగు దారులు ఉంటాయి.

మొదటిది, అసలు కదపకపోవడం. ఎరుపు హెచ్చరిక ఉన్న జిల్లా గుండా దారి ఉంటే ఇదే. బేరం పోతుందన్న భయం ఉంటుంది. అవతలి వ్యాపారికి ముందు రోజే ఫోను చేసి చెబితే అర్థం చేసుకోని వారు తక్కువ. ఖాళీ కంటైనరు బండి, ఎత్తుగా దూది బస్తాలు కట్టిన బండి మాత్రం నారింజ నాడే ఆగాలి. గాలి వేగం రెట్టింపయితే అది బండిని నెట్టే బలం నాలుగు రెట్లవుతుంది. కనకదుర్గ వారధి లాంటి బయలు చోట ఖాళీ బండికి అడ్డుగాలి తగిలితే స్టీరింగు పట్టినవాడు చేయగలిగేది తక్కువ.

రెండోది, ముందే పంపి ముందే రప్పించడం. 48 గంటల సూచన ఉన్నప్పుడు ఇది అన్నిటికన్నా లాభం. చిక్కు ఒకటే: రెండు రోజుల పనిని ఒక రోజులో చేయమని డ్రైవరును తరుముతాం. నిద్రలేని డ్రైవరు తుపాను కన్నా ప్రమాదం. రెండో డ్రైవరు లేకపోతే ఈ దారి వదిలేయండి.

మూడోది, దారి మళ్లించడం. హైదరాబాదు వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి 2023 జులైలో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద ఆగిపోయింది. అలాంటప్పుడు గుంటూరు, సత్తెనపల్లి, పిడుగురాళ్ల, మిర్యాలగూడ, నార్కట్‌పల్లి మీదుగా తిప్పుతారు. దూరం పెరుగుతుంది, డీజిలు పెరుగుతుంది, దారంతా మళ్లించిన బండ్లే ఉంటాయి. మందులు, పాలు లాంటి ఆగలేని సరకుకు ఇది సరే. సిమెంటుకు, ఇనుముకు ఎందుకు? దారి మళ్లించేది ఆఫీసులో కూర్చున్నవారు మ్యాపు చూసి కాకూడదు. ఆ దారిలో అప్పుడే వచ్చిన మరో డ్రైవరుతో మాట్లాడి తేల్చాలి.

నాలుగోది, దారిలో ఎక్కడున్నవాడు అక్కడ ఆగడం. నా అనుభవంలో ఎక్కువ ప్రాణాలు కాపాడేది ఇదే, యజమానులు ఎక్కువగా చెడగొట్టేదీ ఇదే. ‘చేరిన ట్రిప్పుకే బత్తా’ అన్న లెక్క ఉన్నంతకాలం డ్రైవరు వాగు దగ్గర ఆగడు. ఆగిన రోజుకు కూడా పూర్తి బత్తా, క్లీనరుకు భోజనం ఖర్చు ఇస్తామని ముందే చెప్పాలి, చెప్పినది ఇవ్వాలి. ఆగాలా వద్దా అన్నది డ్రైవరు మాటే చివరి మాట. ఎక్కడ ఆగాలి అంటే, రోడ్డు మట్టానికి పైన ఉన్న పెట్రోలు బంకు ఆవరణ, పక్కా గోడ చాటు. చెట్టు కింద, హోర్డింగు కింద, కరెంటు తీగల కింద, ఫ్లైఓవరు కింది పల్లంలో ఆపవద్దు. సరకు వెంట ఉండవలసిన జీఎస్టీ రవాణా పత్రం, ఈ-వే బిల్లు గడువు ముగుస్తుందని కంగారుపడి కదిలేవారు ఉన్నారు. ప్రకృతి వైపరీత్యం కారణంగా చూపి గడువుకు ముందు ఎనిమిది గంటల్లో గానీ, తరవాత ఎనిమిది గంటల్లో గానీ పొడిగించుకోవచ్చు. ఆ పని ఆఫీసు నుంచే చేసి డ్రైవరుకు ఫోనులో పంపండి.

నీటిలో ఆగిపోయిన ఇంజనును మళ్లీ స్టార్టు చేయకూడదు. ఆటోనగర్ మెకానిక్కులు 2024లో ఎక్కువగా విప్పినవి మునిగిన ఇంజన్లు కావు, మునిగాక తాళం తిప్పిన ఇంజన్లు. నీరు దాటి వచ్చిన బండి బ్రేకులు తడిసి పట్టవు. కాసేపు నెమ్మదిగా నడుపుతూ బ్రేకు తేలికగా నొక్కి ఆరబెట్టుకోవాలి.

బీమానా, ఇనుమా?

చేతిలో యాభై వేలు ఉంటే ర్యాకులకు పెట్టాలా, పాలసీకి పెట్టాలా అని అడిగేవారికి నా జవాబు: నీటి గుర్తు నడుము లోపుంటే ర్యాకులు, పైన ఉంటే పాలసీ. ఒక చోటి ఆస్తి విలువ 5 కోట్ల లోపు ఉన్న చిన్న వ్యాపారాలకు 2021 ఏప్రిల్ నుంచి ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ అనే పాలసీ ఉంది. తుపాను, వరద నష్టం దాని పరిధిలోకి వస్తాయి. తీసుకునేటప్పుడు చిరునామా చదవండి. నా పాలసీలో పాత దుకాణం చిరునామా అలాగే ఉండిపోయింది, గోడౌను మారినప్పుడు నేనే చెప్పలేదు. తడిసిన సరకును బీమా సర్వేయర్ చూడకముందే పారబోయవద్దు. కంపు భరించలేకపోతే ఫొటోలు, వీడియోలు తీసి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి అప్పుడు తీయించండి. బండ్ల విషయంలో థర్డ్ పార్టీ పాలసీ మీ బండి మునిగితే పైసా ఇవ్వదు. సమగ్ర పాలసీ ఇస్తుంది గానీ, నీరు చేరిన ఇంజనుకు విడిగా ఇంజను రక్షణ తీసుకుని ఉండటం మంచిది. ఇవన్నీ వేసవిలోనే తేల్చుకోవాలి. వాయుగుండం వార్త విన్నాక ఏజెంటుకు ఫోను చేయడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ఎవరికి ఏది

వన్‌టౌన్, గొల్లపూడి టోకు వ్యాపారులకు సరకు రోజూ కదులుతూనే ఉంటుంది. వారికి ర్యాకులు, మురుగు వాల్వు చాలు. హెచ్చరిక ఉన్న రెండు రోజులు కొత్త లోడు దించుకోకపోవడం అన్నిటికన్నా చవకైన జాగ్రత్త.

గుంటూరు మిర్చి వ్యాపారులకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా సరకు ఎక్కువగా కోల్డ్ స్టోరేజీలోనే ఉంటుంది. అక్కడ చూసుకోవలసింది జనరేటరు, డీజిలు. కరెంటు పోయినప్పుడు తలుపులు తెరవకపోతే చలి చాలాసేపు నిలుస్తుంది. అసలు భయం మే నెలది. 2010 మే 20న లైలా తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అప్పటికి టిక్కీలు (మిర్చి బస్తాలు) మార్కెట్ యార్డులోనూ, కమీషన్ కొట్లలోనూ, దారిలోని లారీల మీదా ఉంటాయి. కాయకు తేమ తగిలితే రంగు పోతుంది, బూజు పడుతుంది, ఎండబెట్టినా పాత ధర రాదు. మేలో వాయుగుండం సూచన వస్తే వారికి తరలింపే సరైనది, అదీ 48 గంటల లోపు.

ఆటోనగర్ షెడ్ల వారు సొంత సరకు కన్నా మరమ్మతుకు వచ్చిన పరాయి బండ్ల గురించి ఆలోచించాలి. ఇంజను విప్పిన బండిని ఒక్క రోజులో కదపలేం. నారింజ హెచ్చరిక ఉన్న వారంలో కొత్తగా ఇంజన్లు విప్పకపోవడం మంచిది.

మోటారు సైకిళ్ల మీద ఇంటింటికీ సరకు చేర్చే కుర్రాళ్లు ఉన్న దుకాణాలకు ఒకటే మాట: వీధిలో నీరు మూత లేని మ్యాన్‌హోలును కప్పేసిన క్షణం నుంచి డెలివరీలు బంద్. ఆ పూట కూలి మీరే ఇవ్వండి.

నా సంగతికి వస్తే, ర్యాకు మొదటి అర ఇప్పుడు నా భుజం ఎత్తులో ఉంది. దాని కింద గోడ మీద ఎర్ర రంగు గీత గీయించాను. మరుగుదొడ్డి గొట్టానికి వాల్వు కూడా పెట్టించాను. ఆ ఆదివారం వచ్చిన నీటికి అది ఒక్కటే చాలదని నాకు తెలుసు. బిగించిన ప్లంబరు చేతులు కడుక్కుంటూ, “ఇది ముందే పెట్టించి ఉంటే సార్...” అని మొదలుపెట్టి, నా ముఖం చూసి బిల్లు రాయడంలో పడ్డాడు.